క్యాంపర్‌లో రెండు డీప్ సైకిల్ బ్యాటరీలు, చార్జర్ నేనే కట్టుకుంటున్నా. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి

#1 · బండిబతుకు
అందరికీ నమస్కారం. మా క్యాంపర్ బండిలో 12 వోల్టుల డీప్ సైకిల్ (లోతుగా వాడుకుని మళ్లీ నింపుకునే రకం) బ్యాటరీలు రెండున్నాయి. ఒక్కోటి 100 ఆంపియర్ అవర్లు, నీళ్లు పోసుకునే రకం, రెండూ ప్యారలల్‌లో. రాత్రిళ్లు లైట్లు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ అన్నీ వీటి మీదే. ఆగిన చోట కరెంటు పాయింటు దొరికితే ఐదారు గంటలు దొరుకుతుంది. ఆలోపు నింపుకోవాలి.

పాత సామాన్లలో 15 వోల్టుల, 10 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ కనబడితే దానికి ఏసీని డీసీగా మార్చే ఒక బ్రిడ్జ్ డయోడ్ తగిలించి నేరుగా బ్యాటరీకి ఇచ్చేశా. మొదటిరోజు బ్రహ్మాండం. రెండోరోజు రాత్రి పెట్టి పడుకున్నా. తెల్లారేసరికి కుళ్లిన గుడ్ల వాసన, బ్యాటరీ పక్కన చెయ్యి ఆనించలేనంత వేడి. మీటరు పెడితే 15.8 చూపించింది. మూతలు తీసి చూద్దును కదా, నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయి ఉన్నాయి.

ట్రాన్స్‌ఫార్మర్ మీద 15 అనే రాసి ఉంది. డయోడ్లు కొంత తినాలి కూడా. మరి 15.8 ఎక్కడినుంచి వచ్చింది?

#2 · రాగితీగ
ముందు ఒక మాట. ఆ వాసన వచ్చిందంటే హైడ్రోజన్ కూడా బాగానే వచ్చినట్టు. గాలిలో 4 శాతం చేరితే చాలు, స్విచ్చి వేసేటప్పుడు పుట్టే నిప్పురవ్వకే అంటుకుంటుంది. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే లోపల ఏ స్విచ్చీ ముట్టుకోకండి. తలుపులు బార్లా తెరిచి, బండి బయట ఉన్న ప్లగ్ పీకండి. క్లిప్పుల జోలికి గాలి ఆడాకే వెళ్లండి.

ఇక మీ 15 సంగతి. అది ఆర్ఎంఎస్ విలువ, అంటే అలకు ఒకరకం సగటు. అల శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే 21 పైమాటే. బ్రిడ్జ్‌లో ఒకేసారి రెండు డయోడ్లు దారిలో ఉంటాయి కాబట్టి 2 వోల్టుల దాకా పోతాయి. మిగిలిన 19 వోల్టుల శిఖరం సెకనుకు వందసార్లు బ్యాటరీని పొడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ నిండింది, ఇక చాలు అని చెప్పే నాథుడు ఆ సర్క్యూట్‌లో లేడు. నిండాక లోపలికొచ్చే కరెంటంతా నీళ్లను విడగొట్టడానికే పోతుంది.

ఇంకోటి. కరెంటు ఆ శిఖరాల దగ్గర మాత్రమే, ముద్దలు ముద్దలుగా వెళ్తుంది. అందుకే 10 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బ్యాటరీకి 6 ఆంపియర్లు తీసుకున్నా అది పూర్తి బరువు మోస్తున్నట్టే. మీ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోయేంత వేడెక్కి ఉండాలి, అవునా?

#3 · బండిబతుకు
అవును బ్రదర్, వార్నిష్ వాసన కూడా వచ్చింది. అది బ్యాటరీదే అనుకున్నా. కిటికీలు తెరిచే ఉన్నాయి, బతికిపోయాం. నీళ్లు ఇప్పుడు నిండా పోసేయనా?

#4 · పాతఆమీటరు
నిండా పోయకు తమ్ముడూ. ప్లేట్లు మునిగేవరకే డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. గుర్తు దాకా నింపడం చార్జింగ్ పూర్తయ్యాకే. చార్జ్ అవుతుంటే లోపలి ద్రవం పొంగుతుంది. ముందే నింపితే మూతల్లోంచి యాసిడ్ కక్కి ట్రే అంతా తినేస్తుంది.

నీ ట్రాన్స్‌ఫార్మర్‌ని మరీ అంత తిట్టక్కర్లేదు. మేం నేర్చుకునే రోజుల్లో చార్జర్ అంటే ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, ఒక ముల్లు ఆమీటరు, ఆ పక్కన వరసలో కారు హెడ్‌లైట్ బల్బు. అంతే. 12 వోల్టుల 55 వాట్ల బల్బు పూర్తిగా వెలిగితే నాలుగున్నర ఆంపియర్లు. అంతకు మించి పోనివ్వదు. బ్యాటరీ నిండేకొద్దీ బల్బు మీద పడే వోల్టులు తగ్గి ఎర్రగా, చివరికి నిప్పుకణికలా మిగిలేది. గది తలుపు దగ్గర నిలబడి ఆ రంగు చూసి బ్యాటరీ ఎంత నిండిందో చెప్పేవాళ్లం.

#5 · సెల్_లెక్క
మాస్టారూ, ఆ కణిక దగ్గరే చిక్కు. బల్బు మీద 3 వోల్టులే పడుతున్నా దాని ఫిలమెంట్ చల్లబడి నిరోధం తగ్గిపోతుంది కాబట్టి ఇంకా 2 ఆంపియర్ల చిల్లర వెళ్తూనే ఉంటుంది. మీరు తలుపు దగ్గర నిలబడి చూసేవారు కాబట్టి సరిపోయింది. ఈయన పడుకున్నాడు.

బండిబతుకు గారూ, 12 వోల్టుల బ్యాటరీ అంటే ఆరు సెల్లు. సెల్‌కు 2.35, 2.4 వోల్టులు దాటితే బుడగలు మొదలు. మొత్తం మీద అది 14.1 నుంచి 14.4. చార్జర్‌కి మూడు పనులు తెలియాలి. మొదట కరెంటు స్థిరంగా ఇస్తూ వోల్టేజీని ఎదగనివ్వాలి. 14.4 చేరాక వోల్టేజీని అక్కడ పట్టి ఉంచి కరెంటును దానంతట దాన్ని తగ్గనివ్వాలి. మీ 200 ఆంపియర్ అవర్లకు కరెంటు 2 నుంచి 4 ఆంపియర్లకు దిగితే నిండినట్టే లెక్క. ఆ తర్వాత 13.5 దగ్గర ఊరికే కాపలా. కొన్ని కంపెనీలు మొదటి హద్దు 14.8 దాకా చెబుతాయి, కాబట్టి బ్యాటరీ మీద అంటించిన కాగితం ఏం చెబితే అదే వేదం. జెల్ రకమైతే ఇంకా తక్కువ. లిథియం అయితే ఈ లెక్కలన్నీ వేరు, అది ఈ చర్చలోకి తేవొద్దు.

ఎండకు బ్యాటరీ 40 డిగ్రీలకు చేరితే ఈ అంకెలు కూడా కిందికి జరపాలి. సెల్‌కు డిగ్రీకి దాదాపు 4 మిల్లీవోల్టులు. 25 డిగ్రీల దగ్గర 14.4 అంటే 40 దగ్గర 14.04 అన్నమాట. చలిలో ఇదే లెక్క పైకి.

#6 · దారినపోయేవాడు
ఇంత గొడవెందుకు, పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసి సెకండరీ కోసేసి లావు వైరు పద్దెనిమిది చుట్లు చుట్టండి. చుట్టుకు వోల్టు చొప్పున వస్తుంది. 30 ఆంపియర్లు లాగినా చలించదు.

#7 · వేదిక నిర్వాహకుడు
ఇది చదివి ఎవరూ ఓవెన్ విప్పొద్దు. అందులో కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజీ పట్టుకుని కూర్చుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్ని నిమిషాల వాడకానికి, పక్కన ఫ్యాను గాలి తగులుతూ ఉండేలా కట్టింది. గంటల తరబడి నడిపే వస్తువు కాదు. ఈ దారి ఇక్కడితో ఆపుదాం.

#8 · బండిబతుకు
అర్థమైంది. మరి అదే ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల వోల్టేజీని ఒకచోట పట్టి ఉంచే ఎల్ఎం338 రెగ్యులేటర్ పెడితే? 5 ఆంపియర్లు ఇస్తుందట. లెక్క కూడా వేశా: 120 ఓమ్‌ల రెసిస్టర్‌కు జోడీగా 1262 ఓమ్‌లు పెడితే దాని సొంత 1.25 వోల్టులను పెంచుకుంటూ సరిగ్గా 14.4 వస్తోంది.

#9 · రాగితీగ
లెక్క ఒప్పే. వేడి లెక్క కూడా వేయండి. కెపాసిటర్ తర్వాత 19 వోల్టులు ఉంటే, బ్యాటరీ 12.5 దగ్గర ఉంటే, 5 ఆంపియర్లకు 32 వాట్లు ఆ వేలెడంత ముక్కలో పుడతాయి. పెద్ద హీట్ సింక్, దానికో ఫ్యాను లేకపోతే లోపలి రక్షణ పనిచేసి కరెంటు కోసేస్తుంది. పైగా 200 ఆంపియర్ అవర్లకు 5 ఆంపియర్లంటే పదో వంతు కూడా కాదు, నలభయ్యో వంతు. మీ ఐదారు గంటల్లో ఏం నిండుతుంది?

ఇంకో మెలిక: కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఆ రెండు రెసిస్టర్ల గుండా 9 మిల్లీఆంపియర్లు కార్చుకుంటూనే ఉంటుంది. రోజుకు 0.22 ఆంపియర్ అవర్లు. చిన్నదే, కానీ బండి రెండు నెలలు షెడ్డులో ఉంటే 13 ఆంపియర్ అవర్లు గోవిందా.

నేనైతే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని పక్కనపెట్టి 24 వోల్టుల, 15 ఆంపియర్ల రెడీమేడ్ పవర్ సప్లై ఒకటి, దాని వెనకాల వోల్టేజీకీ కరెంటుకీ విడివిడిగా స్క్రూలున్న బక్ మాడ్యూల్ (వోల్టేజీని కిందికి దించే బోర్డు) ఒకటి పెడతా. మాడ్యూల్ మీద 20 ఆంపియర్లని రాసి ఉంటే 12 అని చదువుకోండి. ఆ రాతలన్నీ పెళ్లిచూపుల్లో చెప్పే జీతాల్లాంటివి. పవర్ సప్లై రేకు పెట్టెకు ఎర్త్ తప్పనిసరి, ఇంటి కరెంటు స్క్రూల మీద మూత తప్పనిసరి. బండి కదిలినప్పుడల్లా స్క్రూలు వదులవుతాయి, అందుకని విడి పోగుల వైరు నేరుగా దూర్చకుండా లగ్గులు క్రింప్ చేసి బిగించండి.

#10 · కోతమిషన్
కరెంటు పాయింటు దొరకని రోజు ఏం చేస్తారు? నేను గడ్డి కోసే మిషన్ పెట్రోల్ ఇంజన్‌కి కారు ఆల్టర్నేటర్ బెల్టు వేసి నడుపుతున్నా. రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ లోపలే ఉంటుంది, 14.2 దగ్గర అదే ఆగుతుంది. 25 ఆంపియర్లకు దాదాపు ఒక హార్స్‌పవర్ లాగుతుంది. 50 ఆంపియర్లు కావాలనుకుంటే రెండు హార్స్‌పవర్‌కి తక్కువ ఇంజన్ పెట్టొద్దు, నత్తిగా ఆగిపోతుంది.

రెండు జాగ్రత్తలు. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఊడితే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి బండిలో ఉన్న ఎలక్ట్రానిక్స్ అన్నీ పోతాయి. నా ఫ్రిజ్ బోర్డు అలాగే పోయింది. రెండోది పొగ. వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ అది, కిటికీ కింద అసలు పెట్టొద్దు.

#11 · పాతఆమీటరు
మొదటి అరగంటకి అది, ఆ తర్వాత చేతికి గంపెడు శబ్దం. చివరి ఇరవై శాతం నింపడానికి గంటల తరబడి ఇంజన్ తిప్పడం దండగ.

#12 · కోతమిషన్
ఒప్పుకుంటా మాస్టారూ. సగం నుంచి ఎనభై శాతం దాకానే ఇంజన్. పైన మిగిలింది ఏ సోలార్ ప్యానెల్‌కో వదిలేస్తా.

#13 · బండిబతుకు
సామాన్లు తెప్పించి నిన్న కట్టా. మూడు తలనొప్పులు.

ఒకటి, మాడ్యూల్ కరెంటు 12కి కుదిరిందో లేదో చూద్దామని కొత్త క్లాంప్ మీటరు వైరుకు తగిలిస్తే సున్నా. వైరు మాత్రం గోరువెచ్చగా ఉంది.

రెండు, బ్యాటరీకి క్లిప్పు పెట్టిన ప్రతిసారీ చిటపటమని నిప్పురవ్వ.

మూడు, ఇంటి కరెంటు ఆపేసినా మాడ్యూల్ మీది లైటు వెలుగుతూనే ఉంది! దయ్యం పట్టిందేమో అని మా ఆవిడ నవ్వుతోంది.

#14 · సెల్_లెక్క
క్లాంప్ మీటరు మీద గుర్తు చూడండి. అల గుర్తు ఒక్కటే ఉంటే అది ఏసీకి మాత్రమే. డీసీ కొలవాలంటే గీత, దాని కింద చుక్కల గీత కూడా ఉండాలి. మామూలు మల్టీమీటరు వరసలో పెట్టి కొలవబోకండి, దాని 10 ఆంపియర్ల ఫ్యూజు 12కి ఎగిరిపోవచ్చు. డీసీ క్లాంప్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

దయ్యం పేరు చెబుతా: బక్ మాడ్యూల్ లోపల స్విచ్చిలా పనిచేసే మాస్‌ఫెట్ అనే ముక్కలో పుట్టుకతోనే ఒక డయోడ్ ఉంటుంది, బయటివైపు నుంచి లోపలివైపుకు. ఇంటి కరెంటు లేనప్పుడు మీ బ్యాటరీ దాని గుండా వెనక్కి పారి మాడ్యూల్‌ని, పవర్ సప్లైని పోషిస్తోంది. రాత్రంతా వదిలితే బ్యాటరీ దిగుతుంది, మాడ్యూల్ కూడా పోవచ్చు. నాది ఒకటి అలాగే పోయింది, టప్పుమని ఒక చిన్న శబ్దం, మూల మీద నల్లటి మచ్చ. మాడ్యూల్ తర్వాత, బ్యాటరీకి ముందు ఒక 40 ఆంపియర్ల షాట్కీ డయోడ్ (వోల్టేజీ తక్కువ తినే రకం) పెట్టండి. 12 ఆంపియర్లకు అర వోల్టు తింటుంది, 6 వాట్లు, అరచేతంత అల్యూమినియం ముక్క చాలు. ఆ నిప్పురవ్వ మాడ్యూల్ కెపాసిటర్లు నిండడానికి పుట్టేదే, డయోడ్ పెడితే అదీ పోతుంది.

ఫ్యూజు పెట్టారా? రెండు బ్యాటరీల ప్లస్ దగ్గరా, జానెడు దూరం లోపల, చెరొకటి. షార్ట్ అయితే చార్జర్ ఇచ్చే 12 కాదు భయం, బ్యాటరీ ఇచ్చే వేల ఆంపియర్లు.

#15 · బండిబతుకు
డయోడ్, ఫ్యూజులు పెట్టా. దయ్యం వదిలింది. డీసీ క్లాంప్ కూడా దొరికింది. ఇప్పుడు కొత్త పేచీ: మాడ్యూల్ 14.4 చూపిస్తోంది, కరెంటు మాత్రం రెండు గంటలకే 12 నుంచి 7కి పడిపోయింది. అంత త్వరగా నిండే ప్రసక్తే లేదు, సాయంత్రం ఆగి చూస్తే విశ్రాంతి వోల్టేజీ (చార్జర్, వాడకం రెండూ ఆపాక ఉండేది) 12.4 మాత్రమే.

#16 · రాగితీగ
14.4 ఎక్కడ చూశారు, మాడ్యూల్ దగ్గరా, బ్యాటరీ టెర్మినల్ మీదా? వైరు ఎంత మందం, ఎంత దూరం?

#17 · బండిబతుకు
మాడ్యూల్ దగ్గర. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లు, చార్జర్ పెట్టె సీటు కింద ఉంది కాబట్టి అటు 4 మీటర్లు, ఇటు 4 మీటర్లు. ఇప్పుడే బ్యాటరీ మీద చూశా: 13.4! ఒక వోల్టు దారిలో మాయం.

#18 · రాగితీగ
మాయమేం కాలేదు, వైరులో వేడయింది. 8 మీటర్ల రాగి, 2.5 మందానికి 0.056 ఓమ్. 12 ఆంపియర్లకు 0.67 వోల్టు, ఆపైన డయోడ్‌కు అర. బ్యాటరీ ఇంకా 13.2 దగ్గర ఉండగానే మాడ్యూల్ తన హద్దు వచ్చేసిందనుకుని కరెంటు కోసేస్తోంది.

#19 · సెల్_లెక్క
కానీ రాగితీగ గారూ, కరెంటు తగ్గేకొద్దీ ఆ నష్టమూ తగ్గుతుందిగా. 2 ఆంపియర్ల దగ్గర వైరులో పోయేది 0.11 మాత్రమే. రాత్రంతా వదిలితే చివరికి డయోడ్ తినేది పోను దాదాపు 14కు చేరుతుంది.

#20 · రాగితీగ
రాత్రంతా ఎవరు వదిలారు? ఆయనకున్నది ఐదారు గంటలు. వైరు నష్టం బ్యాటరీని చంపదు, టైమును చంపుతుంది.

పెట్టెను బ్యాటరీకి దగ్గరగా జరపండి, కానీ బ్యాటరీ పెట్టె లోపల మాత్రం పెట్టొద్దు, అక్కడ గ్యాసు. వైరు 10 చదరపు మిల్లీమీటర్లకు మార్చి ఒకటిన్నర మీటరుకు కుదిస్తే నష్టం 0.06. ఇక వోల్టేజీ స్క్రూ ఎప్పుడు తిప్పాలంటే చివర్లో, కరెంటు 2 ఆంపియర్లకు దిగాక, బ్యాటరీ టెర్మినల్ మీద మీటరు పెట్టుకుని. అప్పుడు 14.4 వచ్చేలా తిప్పితే ఎప్పటికీ హద్దు దాటదు. కొందరు 12 ఆంపియర్లు పారుతుండగానే 14.4 పెడతారు. కరెంటు తగ్గాక డయోడ్ మింగేది కూడా తగ్గి బ్యాటరీ మీద ఇంకో పావు వోల్టు ఎక్కువ పడుతుంది.

ఇంకో చిన్న విషయం. చార్జర్ ప్లస్ మొదటి బ్యాటరీకి, మైనస్ రెండో బ్యాటరీకి, అడ్డంగా కలపండి. రెండూ ఒకే బ్యాటరీ నుంచి తీస్తే అదే ఎక్కువ పనిచేసి ముందు పోతుంది.

#21 · బండిబతుకు
చేశా. రోజంతా పక్కనే కూర్చుని పుస్తకంలో రాసుకున్నా. మొదలుపెట్టినప్పుడు విశ్రాంతి వోల్టేజీ 12.2, అంటే సగం. మొదటి ఆరు గంటలు 12 ఆంపియర్లు కదలకుండా, వోల్టేజీ మెల్లగా 14.1 దాకా. ఏడో గంట నుంచి కరెంటు దిగడం మొదలు. పదో గంటకు 3.8. పన్నెండో గంటకు 2.1, బ్యాటరీ మీద 14.4. ముట్టుకుంటే గోరువెచ్చన, అంతే. ఇదంతా ఒక చెట్టు కింద.

13.5కి దించడానికి మాడ్యూల్‌లో వోల్టేజీ పట్టే రెసిస్టర్లలో కింది దానికి ప్యారలల్‌గా ఇంకోటి, స్విచ్చితో పెట్టా. స్విచ్చి మూస్తే 14.4, తెరిస్తే 13.5. కాంటాక్ట్ పాడై విడిపోయినా తక్కువ వైపే పోతుంది కాబట్టి ధైర్యం. ఆటోమేటిక్ కాదు, నా చేత్తోనే మార్చాలి. పడుకునే ముందు మారుస్తా, అది చాలు.

#22 · పాతఆమీటరు
భలే. ఇప్పుడు హైడ్రోమీటరుతో గ్రావిటీ, అంటే ఒక్కో సెల్‌లో యాసిడ్ సాంద్రత, చూశావా? వోల్టేజీ ఆరు సెల్లనూ కలిపి చెబుతుంది. అందులో ఒకటి ఏడుస్తున్నా మిగతా అయిదూ కప్పిపుచ్చుతాయి.

#23 · బండిబతుకు
చూశా మాస్టారూ. మొదటి బ్యాటరీ ఆరూ 1.265 చుట్టూ. రెండోదాంట్లో మూడో సెల్ 1.235, మిగతావి 1.260. ఆ రాత్రి నీళ్లు దిగిపోయింది కూడా దాంట్లోనే ఎక్కువ.

#24 · పాతఆమీటరు
దాన్ని ఒక్కదాన్నీ విడదియ్యి. బండిలోని లైట్లు, ఫ్రిజ్, ఏవీ దానికి తగిలి ఉండకూడదు, ఎందుకంటే వెనకబడ్డ సెల్‌ను పైకి లాగడానికి ఇప్పుడు 15.5 పెట్టబోతున్నావు. కరెంటు స్క్రూ 5 ఆంపియర్లకు దించు. నీళ్లు చూసుకో. మూతలు బిగించే ఉంచు, గాలి బాగా ఆడాలి. గంటగంటకీ గ్రావిటీ, వేడి రాసుకో. ద్రవం 50 డిగ్రీలకు వస్తే ఆపి చల్లారనివ్వు. రెండు మూడు కొలతలు వరసగా కదలకపోతే ఇక ఆగిపో. నీళ్లు పోసే రకానికే ఈ మందు. మూతలు తెరవడానికి వీల్లేని సీల్డ్ రకానికి ఎవరూ ఇది చేయొద్దు.

#25 · బండిబతుకు
నాలుగు గంటలు పట్టింది. మూడో సెల్ 1.235 నుంచి 1.245, 1.250, 1.255, మళ్లీ 1.255. అక్కడే ఆగింది, నేనూ ఆపేశా. ద్రవం 41 డిగ్రీలు. చల్లారాక నీళ్లు గుర్తు దాకా పోసి, టెర్మినల్స్ తుడిచి గ్రీజు రాసి, రెండూ మళ్లీ ప్యారలల్ కలిపా. రాత్రంతా 13.5 మీద 0.4 ఆంపియర్లు తీసుకుంది.

పాత ట్రాన్స్‌ఫార్మర్ విప్పి చూస్తే లోపలి చుట్లు నల్లబడి ఉన్నాయి. దానికి ఆ హెడ్‌లైట్ బల్బు తగిలించి షెడ్డులో పెట్టా మాస్టారూ, మీ కోసం కాదు, ఆ రంగు నేనూ ఒకసారి చూద్దామని.

#26 · పాతఆమీటరు
నల్లబడిన చుట్టలకు కరెంటు ఇవ్వకు. వేరే ట్రాన్స్‌ఫార్మర్ వెతుక్కుని చూడు. ఎరుపు, నారింజ మధ్యకి వచ్చినప్పుడు ఆమీటరు ముల్లు ఎక్కడుందో ఇక్కడ రాయి.